పద్నాలుగు రబ్బరు కడియాలు

లీసెలోట్ పుట్టిన ఆదివారం నాడు వాళ్ళ నాన్న నార్బెర్ట్ ఆసుపత్రిలో లేడు. పెరట్లో పావురాల గూటి ముందు, చేతిలో పందెపు గడియారంతో, ఆకాశం వంక చూస్తూ నిలబడి ఉన్నాడు. ఫ్రాన్సులో తెల్లవారుజామున వదిలిన పావురాలు మధ్యాహ్నానికి ఇళ్ళు చేరాలి. అతని నీలిరంగు ఆడపావురం జిల్లా మొత్తానికి ముందుగా వచ్చింది కూడా. వచ్చి, గూట్లోకి దిగకుండా, ఇంటికప్పు చుట్టూ తీరిగ్గా తిరగడం మొదలుపెట్టింది. పందెం ధర్మశాస్త్రం ప్రకారం పావురం కంటికి కనబడితే వచ్చినట్టు కాదు. గూట్లోకి దిగి, దాని కాలి రబ్బరు కడియం ఊడదీసి గడియారంలో వేస్తేనే వచ్చినట్టు. ఆ మహాతల్లి దిగేలోపు ఇతరుల పావురాలు మూడు దిగాయి. నార్బెర్ట్ నాలుగో స్థానం మొహంతో ఆసుపత్రికి వెళ్ళి, కూతుర్ని ఎత్తుకుని, "పోనీలే, ఇదైనా వచ్చిన వెంటనే దిగింది" అన్నాడు. ఆ మాట లీసెలోట్ తల్లి ఇవాళ్టికీ మర్చిపోలేదు, మర్చిపోయే ఉద్దేశమూ లేదు.

వాళ్ళ ఊరు క్రాయ్‌హూక్‌లో పిల్లలు నడక కన్నా ముందు సైకిలు నేర్చుకుంటారని అంటారు. అది అతిశయోక్తి. నడక కూడా ఏదో ఒక వయసులో నేర్చుకుంటారు. లీసెలోట్‌కి మాత్రం దాని అవసరం పెద్దగా పడలేదు. నాలుగేళ్ళకి సైకిలెక్కింది, తొమ్మిదేళ్ళకి రొట్టెలవాడి వ్యానుని కాలవ గట్టు మీద దాటింది, పద్నాలుగేళ్ళకి పందేల్లో దిగింది. ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. పొద్దున ఐదింటి నుంచి ఒంటిగంట దాకా కూరగాయలు గడ్డకట్టించే ఫ్యాక్టరీలో, కదిలే పట్టా ముందు నిలబడి, వేలకి వేలు బుల్లి క్యాబేజీల్లోంచి పుచ్చువి ఏరుతుంది. ఒంటిగంట దాటితే సైకిలు. ఎదురుగాలి, వాన, రోడ్డు మీద ట్రాక్టర్లు వదిలిన బురద, ఇవన్నీ ఫ్లాండర్స్‌లో పుట్టినవాళ్ళకి ఉచితంగా దొరికే శిక్షణ.

దేశం దాటి కూడా పోటీ చేసింది. హాలండ్‌లో సముద్రపు గట్టు మీద గాలి గుంపు మొత్తాన్నీ పక్క కాలవలోకి తోసింది. లీసెలోట్ అందులోంచి పదకొండో స్థానంలో తేలింది. ఫ్రాన్సులో కొండెక్కే పందెంలో అరవై ఏడోది. వాళ్ళ ఊళ్ళో ఎత్తయిన చోటంటే రైలు వంతెన ఒక్కటే. అది ఎక్కడంలో మాత్రం ఆమెను ఇంతవరకూ ఎవరూ ఓడించలేదు. ఇన్నిచోట్ల తొక్కినా, ఆమె పేరు జిల్లా అంతటా మోగింది సొంత ఊరి తిరునాళ్ళ పందెంలోనే. ఎలా మోగిందో చెప్పాలంటే ముందు గంట గురించి చెప్పాలి.

సెప్టెంబరు మొదటి సోమవారం క్రాయ్‌హూక్ తిరునాళ్ళు. ఆ రోజు ఆడపిల్లల సైకిలు పందెం: ఊరి చుట్టూ ఏడు కిలోమీటర్ల దారి, పద్నాలుగు చుట్లు. మూతపడిన పాలకేంద్రం నుంచి తెచ్చిన పాత ఇత్తడి గంట ఒకటి ముగింపు గీత దగ్గర వేలాడుతూ ఉంటుంది. దాన్ని మోగించే హక్కు పందెం సంఘం అధ్యక్షుడు ఓడీల్‌ది. నలభై ఏళ్ళు ఊరి శ్మశానంలో గోతులు తవ్విన మనిషి. "ఎవరి ఆఖరి చుట్టు ఎప్పుడో నాకన్నా బాగా ఎవరికి తెలుసురా?" అంటాడు. ఆ వాదనకి ఎదురు చెప్పినవాళ్ళు ఊళ్ళో మిగల్లేదు.

చిక్కేమిటంటే, ఆ గంట ఆఖరి చుట్టుకి మోగుతుంది. చిన్న బహుమతులకీ మోగుతుంది. మధ్యమధ్యలో ఊరి దుకాణాలవాళ్ళు, ఈ చుట్టు ముగిసేసరికి గీత ముందుగా దాటిన పిల్లకి ఫలానాది ఇస్తాం అంటారు. ఐదో చుట్టులో రొట్టెలవాడి పండ్ల కేకు, ఎనిమిదో చుట్టులో పూలకుండీ. ఇంక రెండే చుట్లు మిగిలి ఉండగా మాంసం దుకాణం ఆషీల్ పెట్టే హ్యామ్. పంది తొడ మొత్తం, ఉప్పులో ఊరి, పొగలో మాగి, తొమ్మిది కిలోలు. ఒకే గంట, ఒకే మోత. అన్ని ఊళ్ళలోనూ ఆఖరి చుట్టుకి వేరే గంట పెట్టుకున్నారు. క్రాయ్‌హూక్ పెట్టుకోలేదు. మిగిలిన చుట్లు ఎన్నో పెద్ద పలక మీద రాసి పెడతాం కదా, కళ్ళు లేవా అని ఓడీల్ వాదన.

నిరుడు ఆ పలక ముందు బ్యాండు మేళం నిలబడింది. మేళంలో పెద్ద బాకా ఊదే మనిషి సరిగ్గా పలకకి అడ్డంగా నిలబడ్డాడు. బాకా పెద్దది, మనిషి అంతకన్నా పెద్దవాడు. పన్నెండు చుట్లు ముగించి గీత దాటుతున్న లీసెలోట్‌కి పలక కనబడలేదు, గంట వినబడింది. అంతే, గుంపులోంచి బాణంలా దూసుకుపోయింది. ఏడు కిలోమీటర్లు ఒంటరిగా, ఎదురుగాలిలో, రాళ్ళబాట మీద. తిరిగొచ్చి, రెండు చేతులూ ఆకాశానికెత్తి, కళ్ళు మూసుకుని గీత దాటింది. దిగింది. నాన్నని కౌగిలించుకుంది. కాఫీ హోటలు నడిపే నాయనమ్మ జుల్మా చేతిలోని బీరు లాక్కుని సగం తాగింది.

నలభై సెకన్లకి మిగతా గుంపు వచ్చింది. ఆగకుండా వెళ్ళిపోయింది.

"వీళ్ళేంటి, ఆగట్లేదు?" అంది లీసెలోట్, మీసాల్లా అంటిన నురగతో.

అప్పుడు ఓడీల్ ఆఖరి చుట్టు గంట మోగించాడు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఫ్లాండర్స్‌లో లేదు. ఆ సాయంత్రం నుంచి అవసరం కూడా లేకపోయింది. ఎక్కబోతే గొలుసు ఊడింది. చివరికి ముప్ఫై ఒకటో స్థానం. పందెం నెగ్గినవాళ్ళకి పూలు ఇచ్చాక, నియమం నియమమే కనుక, ఆషీల్ ఆమెను వేదిక ఎక్కించి హ్యామ్‌ని రెండు చేతుల్లో పెట్టాడు. చేతులెత్తిన ఫోటో, హ్యామ్ మోస్తున్న ఫోటో పక్కపక్కన పేపర్లో వచ్చాయి.

ఏడాది పొడుగునా ఊరు ఆమెను హ్యామ్ రాణి అనే పిలిచింది. ఆమె సైకిలు మీద వెళుతుంటే పిల్లలు గోడలెక్కి రెండు చేతులూ ఎత్తేవాళ్ళు. ఊళ్ళో ఎవరు ఏ పని సగంలో వదిలేసినా "హ్యామ్ కొట్టాడు" అనడం అలవాటైంది. ఫిబ్రవరిలో పాదిరిగారు చలికి ఒక కీర్తన ఎగరగొట్టి పూజ ముగిస్తే, వెనక బెంచీలో నలుగురు పెద్దమనుషులు మౌనంగా చేతులెత్తారు.

ఇవన్నీ లీసెలోట్ భరించింది. భరించలేనిది జులైలో ఫోన్లో వచ్చింది. కత్రీన్ అనే ఆవిడ ఒకప్పుడు పెద్ద పందేలు తొక్కి, ఇప్పుడు కోర్ట్‌రైక్ పట్నంలో ఒక ఆడపిల్లల సైకిలు జట్టు నడుపుతోంది. వసంతకాలంలో కొండల మీది రాళ్ళబాట పందేలకి వెళ్ళే జట్టు అది.

"నాకు ఒక్క ఖాళీ ఉంది," అందామె. "ఇద్దరున్నారు. నువ్వూ, లాంగ్‌వాల్ ఊరి ఇల్కె."

"నా కాళ్ళు ఇల్కె కాళ్ళ కన్నా..."

"కాళ్ళ సంగతి ఎత్తకమ్మాయ్. ఈ దేశంలో కాళ్ళు ప్రతి ఇంట్లోనూ నాలుగు జతలున్నాయి. నాకు కావలసింది తల. నిరుటి ఫోటో నేనూ చూశాను. మీ ఊరి పందేనికి వస్తా, గీత దగ్గరే నిలబడతా. అక్కడే తేల్చేస్తా."

అటుపక్క ఫ్యాక్టరీ మేస్త్రీ జనవరి నుంచి ఆమెను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉండే పనిలోకి మారుస్తానంటున్నాడు. జీతం ఎక్కువ, చలికాలపు వెలుతురు సున్నా. ఆ పనిలో చేరితే సైకిలు ఆదివారాలకే. అంటే జట్టు, లేకపోతే జీవితాంతం బుల్లి క్యాబేజీలు. మధ్యలో ఇంకేమీ లేదు.

ఈ విషయం విని నార్బెర్ట్ రెండు రోజులు పావురాల గూటి వెనక సామాన్లలో ఏదో వెతికాడు. మూడో రోజు సాయంత్రం వంటింట్లోకి ఒక తగరపు డబ్బాతో వచ్చాడు. పందెపు పావురాల కాళ్ళకి ఇప్పుడు ఎలక్ట్రానిక్ చిప్పులొచ్చాయి. పాత రబ్బరు కడియాలు పారెయ్యబుద్ధికాక దాచుకున్నాడు.

"ఇలా రావే లీసే. నీ హ్యాండిల్‌కి అడ్డంగా సన్న తీగ కడతా. మధ్యలో ముడి. ఎడంపక్క పద్నాలుగు కడియాలు. గీత దాటినప్పుడల్లా ఒకటి కుడిపక్కకి జరుపు. ఎడంపక్క ఎన్నుంటే అన్ని చుట్లు మిగిలినట్టు."

"చిన్నపిల్లల పూసల పలకా నాన్నా ఇది? నవ్వుతారు!"

"ఇప్పుడేమన్నా ఏడుస్తున్నారా?"

లీసెలోట్ సైకిలు తెచ్చింది. నార్బెర్ట్ కడియాలు ఒక్కొక్కటే ఎక్కిస్తూ పైకి లెక్కపెట్టాడు. ఎక్కించాక మళ్ళీ లెక్కపెట్టాడు. పెళ్ళిరోజు మూడుసార్లు మర్చిపోయిన మనిషే, కానీ కడియాల లెక్క ఎన్నడూ తప్పలేదు.

పందెం సంఘం కూడా నిరుటి ఘటన మీద మూడు గంటలు చర్చించింది. గంట మార్చాలన్న సూచనని ఏకగ్రీవంగా కొట్టేసి, బాకా మనిషి ఇకపై రోడ్డుకి కుడివైపు నిలబడాలని తీర్మానించింది. రోడ్డు ఏర్పాట్ల ఉపసంఘం వేరే రోజు సమావేశమై, ఎడంపక్క ఎండ కొడుతోంది గనక పలకని కుడివైపుకి మార్చింది. రెండు తీర్మానాలనీ కలిపి చదవడం ఎవరి బాధ్యతా కాదు.

పందెం రోజు పోటీదార్లకి నంబర్లు ఇచ్చేది జుల్మా హోటల్లోనే. దాని పేరు 'అలసిన గుర్రం'. ఎనభై ఒక్కేళ్ళ జుల్మా గల్లాపెట్టె వెనక నిలబడి, ఒక్కొక్క పిల్లకీ నంబరు గుడ్డా, నాలుగు పిన్నులూ ఇస్తోంది. బయట గ్యారేజీలో స్నానాలకి జింకు తొట్లు, వేడినీళ్ళు సిద్ధం.

"పద్దెనిమిది," అంది మనవరాలికి ఇస్తూ. "ఒసే, గంట మోగితే దిగిపోకు."

"నాయనమ్మా, నువ్వు కూడానా!"

"నా బీరు సగం తాగేశావే నువ్వు. నాకు అనే హక్కుంది."

వెనకనుంచి ఇల్కె తొంగిచూసి, "ఏమే హ్యామ్ రాణీ, హ్యాండిల్‌కి ఆ పూసలేంటి? జపమాలా?" అంది.

"అవును. నీ ఆత్మశాంతికి."

హోటల్లో నవ్వులు. లీసెలోట్ పిన్ను గుచ్చుకుంటూ తలెత్తింది. కిటికీలోంచి గీత కనబడుతోంది. గీత పక్కన, పొట్టి జుట్టు, బూడిదరంగు కోటు, చేతులు కట్టుకుని కత్రీన్.

రెండింటికి బయల్దేరారు. డెబ్భైమంది. కాలవ వైపునుంచి గాలి తిన్నగా పక్కటెముకల్లోకి వీస్తోంది. మొదటి గంటన్నర చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు, నొప్పి తప్ప. ప్రతి చుట్టుకీ గీత దాటడం, బొటనవేలితో ఒక కడియం కుడికి నెట్టడం. పలక వైపు చూస్తే ఇత్తడి బాకా తళతళలాడుతోంది. బాకా మనిషి ఆమెను చూసి ఆప్యాయంగా తల పంకించాడు. లీసెలోట్ వాళ్ళ సంఘం గురించి ఒక మాట అనుకుంది, అది ఇక్కడ రాయదగ్గది కాదు.

తొమ్మిదో చుట్టులో, రాళ్ళబాట మీద ఒళ్ళంతా గిలక్కాయలా ఊగుతుండగా, ఏదో చురుక్కున మోకాలికి తగిలింది. రాయి అనుకుంది. కిందికి చూసే తీరిక లేదు.

పన్నెండో చుట్టు ముగిసింది. కడియం కుడికి నెట్టింది. గంట మోగింది.

ఎడంపక్క చూసుకుంది. ఒకే ఒక్క కడియం.

గంటా చెబుతోంది, కడియమూ చెబుతోంది. ఇదే ఆఖరి చుట్టు! రోడ్డు పొడుగునా ఊరు ఊరంతా గొంతు చించుకుంటోంది. "ఆఖరిది లీసే! ఆఖరిదే! వెళ్ళు!" అందులో ఎవరు నిజంగా అంటున్నారో, ఎవరు నిరుటి వేళాకోళమే చేస్తున్నారో అరుపుని బట్టి చెప్పడం బ్రహ్మతరం కాదు. కాళ్ళు వాటంతటవే బిగుసుకున్నాయి. ఒక్క తన్ను తంతే చాలు, నిరుటిలాగే గుంపు వెనకబడుతుంది.

మోకాలు చురుక్కుమన్నది గుర్తొచ్చింది.

"ఇల్కే! ఎన్నో చుట్టే ఇది?"

"నీకు లెక్కెందుకే? నువ్వెప్పుడు దిగితే అదే ఆఖరిది కదా!"

లీసెలోట్ గుంపు మధ్యకి జారుకుని, గాలి తగలని చోటు చూసుకుని, తల వంచింది. కుడిపక్క కడియాల మీద బొటనవేలు పెట్టి, తాకుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఎనిమిది దగ్గర మలుపొచ్చి తప్పిపోయింది. మళ్ళీ మొదలు. ఈసారి రాళ్ళబాట వచ్చింది. మూడోసారి, కాలవ గట్టు మీద, పెదాలు కదుపుతూ: తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. కుడిన పన్నెండు, ఎడమన ఒకటి. పదమూడు!

నాన్న కట్టింది పద్నాలుగు. రెండుసార్లు లెక్కపెట్టాడు. అంటే ఒకటి తెగింది. పన్నెండే చుట్లయ్యాయి. అంటే ఇది ఆఖరిది కాదు, ఇది ఆషీల్ హ్యామ్.

లెక్క తేలింది కానీ గుండె తేలలేదు. బుల్లి క్యాబేజీలు ఏరే పిల్ల, ఊగే సైకిలు మీద, చెమట కళ్ళతో పెట్టిన లెక్క. వేలు ఒక కడియాన్ని ఎగరగొట్టి ఉంటే? నాన్నే మొదట్లో ఒకటి తక్కువ కట్టి ఉంటే? ఇదే ఆఖరిదైతే, గుంపులో దాక్కున్నందుకు జట్టూ పోతుంది, పేరూ పోతుంది. పైగా ఈసారి హ్యామ్ కూడా ఉండదు.

గీత ఇంక మూడొందల మీటర్లు ఉందనగా ఇల్కె లేచింది. ఒట్టి హ్యామ్ కోసం ఎవరైనా అలా తొక్కుతారా? పళ్ళు బిగబట్టి, సైకిలుని అటూ ఇటూ విరిచేస్తూ పోతోంది. జనం "లీసే! ఏం చేస్తున్నావే! లే!" అని కేకలు. నాయనమ్మ గొంతు వాటన్నిటి మీదుగా వినబడింది. లీసెలోట్ హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, జీవితంలో అన్నిటికన్నా కష్టమైన పని చేసింది. ఊరికే ఉంది.

ఇల్కె గీత దాటింది. ఎనిమిదో స్థానంలో లీసెలోట్ దాటింది. కత్రీన్ బూడిదరంగు కోటు పక్కనుంచి వెళ్ళిపోయింది. గీతకీ గంటకీ మధ్య ఎంత సేపు పట్టిందో ఆమెకిప్పటికీ తెలియదు. ఓడీల్ సాక్ష్యం ప్రకారం రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో లీసెలోట్ ఫ్యాక్టరీలో పదవీ విరమణ కూడా చేసేసింది.

గంట మోగింది.

ఎడంపక్కన కడియాలు లేవు. అయినా ఒక చుట్టు ఉంది. ప్రపంచంలో ఆ సంగతి అంత ఇష్టంగా తెలిసిన మనిషి ఆ క్షణాన ఇంకొకరు లేరు.

ఇక ఆపేది ఏమీ లేదు. రాళ్ళబాట మొదలయ్యే చోట, క్యాబేజీ తోట పక్కన, గాలి ఎదురొచ్చే మలుపులో తన్నింది. ఆ తోటలోవే రేపు తెల్లారి తన పట్టా మీదికొచ్చేవి. వాటిని చూసి ఇంకొంచెం గట్టిగా తన్నింది. గుంపు తీగలా సాగి, తెగి, వెనక ముక్కలు ముక్కలైంది. ఒక్క ఇల్కె మాత్రం వగర్చుకుంటూ ఆమె వెనక చక్రానికి అతుక్కుంది.

"కొంచెం ముందుకొచ్చి గాలి కాయవే," అంది లీసెలోట్.

"నా వల్ల కాదు తల్లీ, హ్యామ్‌కే కాళ్ళు అయిపోయాయి."

"అబద్ధాలు. లాంగ్‌వాల్ వాళ్ళు చచ్చాక కూడా ఆఖరి వంద మీటర్లు తొక్కుతారు."

"అది నిజమేలే," అంది ఇల్కె.

అన్నట్టే, గీత రెండొందల మీటర్లుందనగా వెనకనుంచి దూకింది. చక్రం పక్కకి చక్రం వచ్చింది. ఒక క్షణం ఇల్కె ముందుంది. కానీ తొమ్మిది కిలోల హ్యామ్ ఆమె తొడల్లో అప్పటికే చేరి ఉంది. లీసెలోట్ మాత్రం హ్యామ్ చుట్టంతా దాచుకున్నది ఇప్పుడు తీసింది. తల వంచి, ఊపిరి ఆపి, చివరి పది తన్నులూ లెక్కపెట్టుకుంటూ తన్నింది. అర చక్రం. అర చక్రం తేడాతో క్రాయ్‌హూక్ పందెం క్రాయ్‌హూక్ పిల్లదైంది. పదకొండేళ్ళ తర్వాత.

ఊరు విరుచుకుపడింది. బాకా మనిషి సంతోషం పట్టలేక పక్కకి గెంతాడు. పలక మీద పెద్ద సున్నా కనబడింది. లీసెలోట్ ఆ సున్నాని చూసింది, బాగా చూసింది.

చేతులు ఎత్తలేదు. ఆగనూ లేదు. వంగి, మలుపు తిరిగి, వెళ్ళిపోయింది.

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"అయ్యో! మళ్ళీ!" అన్నాడు ఆషీల్.

"ఆపండర్రా దాన్ని! అయిపోయిందని చెప్పండి!" అని జుల్మా కేక. ఓడీల్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. గీత ముందు సైకిలు వెళితే గంట మోగించడం తప్ప ఇన్నేళ్ళ అధ్యక్ష పదవిలో అతనింకేమీ నేర్చుకోలేదు. మోగించాడు. కత్రీన్ కట్టుకున్న చేతులు విప్పి నుదురు పట్టుకుంది.

మేయరు అప్పటికే పూలగుత్తితో వేదిక ఎక్కేశాడు. ఎక్కినవాడు ఊరుకోలేక ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఊరి మురుగుకాలవల పథకం గురించి అరగంట మాట్లాడితే ఒక్కరు కూడా లేచి వెళ్ళకపోవడం ఆయన రాజకీయ జీవితంలో అదే మొదలు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆ ఉలిపికట్టె ఇప్పుడు కాలవ గట్టు మీద నెమ్మదిగా, నిటారుగా కూర్చుని తొక్కుతోంది. గాలి అదే, బాట అదే, కానీ ఎవరూ తరమడం లేదు. దారి పక్కన ముసలమ్మలు కుర్చీలు మడుస్తున్నారు. వంతెన దగ్గర అడ్డుకర్ర తీసేస్తున్న పోలీసు చెయ్యెత్తాడు.

"అమ్మాయ్! పందెం అయిపోయింది!"

"తెలుసండీ! నేనే నెగ్గాను!"

"మరి ఎక్కడికి?"

"నిరుటి చుట్టు ఒకటి మిగిలిపోయింది, అది పూర్తి చేస్తున్నా!"

పోలీసు కూడా ఈ ఊరివాడే. టోపీ తీసి, అడ్డుకర్ర మళ్ళీ వేసి, వెనక వస్తున్న రెండు కార్లని ఆపాడు. బంగాళదుంపల ట్రాక్టరు ఒకటి మాత్రం అప్పటికే దాటేసింది. అక్కణ్ణుంచి ఊరిదాకా లీసెలోట్ ఆ బండి వెనకాలే, రాలిన దుంపల్ని తప్పించుకుంటూ నడక వేగంతో వచ్చింది. విజేతలకి ముందు బ్యాండు నడవడం ఆనవాయితీ. ఆమెకి దుంపలు నడిచాయి.

ఊరి మొదట్లో గోడ మీద పిల్లలు ఆమెను చూసి అలవాటు చొప్పున రెండు చేతులూ ఎత్తారు. ఎత్తాక, ఇది వేళాకోళమో సన్మానమో వాళ్ళకే అర్థం కాలేదు. దించకుండా అలాగే ఉంచేశారు.

రోడ్డు తిరిగేసరికి అటూ ఇటూ జనం, ఒక్క చప్పుడు లేదు. మేయరు కూడా ఆగిపోయాడు. లీసెలోట్ గీత దగ్గరికొచ్చి, పలక మీది సున్నాని ఇంకోసారి చూసి, అప్పుడు ఎత్తింది రెండు చేతులూ. నిరుడు ఫోటోలో ఎత్తినట్టే, ఆకాశం దాకా. ఈసారి కళ్ళు తెరిచే ఉంచింది.

ముందు అర్థమైంది జుల్మాకి. "ఓరి నీ! నిరుటిది తీర్చేసిందర్రా పిల్ల!" అంది. ఆ మాట నోటినోటా రోడ్డు చివరిదాకా పాకింది. ఆ తర్వాత లేచిన అరుపుకి చర్చి గోపురం మీద కాకులు లేచిపోయాయి. క్రాయ్‌హూక్ అంటే కాకులమూల; అలాంటి పేరున్న ఊళ్ళో కాకులు లేచిపోవడమంటే చిన్న విషయం కాదు. ఓడీల్ గంటని ఏ నియమమూ లేకుండా మోగిస్తూనే ఉన్నాడు.

కత్రీన్ జనాన్ని తోసుకుని వచ్చింది.

"ఎన్ని చుట్లు తొక్కావమ్మాయ్?"

"పదిహేను మేడమ్. పద్నాలుగు ఇప్పటివి."

"హ్యామ్ గంటకి ఎందుకు లేవలేదు? పలక నాకే కనబడలేదు. నేనూ అదే ఆఖరి చుట్టనుకున్నా."

లీసెలోట్ తీగ చూపించింది. పదమూడు కడియాలు. ఒకటి తెగిందని, కుడిపక్క తాకి లెక్కపెట్టానని, రెండుసార్లు తప్పానని చెప్పింది. కత్రీన్ ఆ కడియాల్ని తనూ వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"జనవరి ఐదు," అంది చివరికి. "పొద్దున ఏడింటికి శిక్షణ మొదలు. ఒక గంట ముందే వచ్చి చేతులెత్తకు."

ఆ సాయంత్రం 'అలసిన గుర్రం'లో ఇల్కె తన హ్యామ్‌ని బల్ల మీద పెట్టి తనే కోసింది. జుల్మా మనవరాలి ముందు నిండు బీరు పెట్టి, తన గ్లాసుని చేతికందకుండా దూరంగా జరుపుకుంది. నార్బెర్ట్ ఒక మూల కూర్చుని, ఊళ్ళోవాళ్ళు వీపు తట్టినప్పుడల్లా "తెగిన కడియం పాతది, రబ్బరు ఎండిపోయింది, నాదే తప్పు" అని సంజాయిషీ చెప్పుకుంటూ ఉన్నాడు. కళ్ళెందుకు ఎర్రబడ్డాయంటే గాలి అన్నాడు.

ఆ వచ్చే ఆదివారం ఫ్రాన్సు నుంచి పావురాల పందెం. నీలి ఆడపావురం మునిమనవరాలు అందరికన్నా ముందుగా వచ్చింది. వచ్చి, దిగకుండా, ఇంటికప్పు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. పంతొమ్మిదేళ్ళుగా ఇలాంటి సమయంలో నార్బెర్ట్ నోట వచ్చే మాటలకి పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకునేవాళ్ళు. అలవాటుగా ఆ రోజు కూడా మూసుకున్నారు. నార్బెర్ట్ తల పైకెత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని, "తిరుగమ్మా, తిరుగు. నీ ఇష్టం ఉన్నంతసేపు తిరుగు" అన్నాడు.

ఈసారీ నాలుగో స్థానమే వచ్చింది.